ఏ రేవని అడగని కాంపొనెంట్

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇప్పుడు మీరు చదవబోయేది అల్లాటప్పా కథ కాదు. ఇందులో అఖండ గోదావరి ఉంది. ఈ ఒడ్డున ఒక సేన, ఆ ఒడ్డున ఒక సేన ఉన్నాయి. నడుమ నౌక ఉంది. వియోగం ఉంది. నది మధ్యలో నిలబడి ఒక యువకుడు చేసిన గర్జన ఉంది. చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిస్తే నా పూచీ లేదు.

అబద్ధం. అంత సీను లేదు. ఒక వెబ్‌సైట్‌లో ఒక పేజీ, ఒక కాంపొనెంట్‌కి పంపాల్సిన ఒక పారామీటర్ పంపలేదు. జరిగింది అంతే. సేన అంటే నలుగురు మనుషులూ ఒక క్యారేజీ. గర్జన సంగతి ఆ చోటు వచ్చినప్పుడు చెబుతాను గానీ, దాన్ని గర్జనంటే మా వీధి పిల్లి కూడా ఒప్పుకోదు.

ఉద్యోగ జ్ఞాపకాలు రాయడానికి జుట్టు నెరవాలంటారు. నాకు ముప్పై రెండే. అయినా నా పేరు పక్కన రిటైర్డ్ అని రాసుకుంటాను. మేం వెబ్‌సైట్లు కట్టిన సరంజామా, ఆ జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్, రిటైరైపోయింది. పెద్దాయన లేచి వెళ్ళిపోయాక నేను ఇంకా కుర్చీలో కూర్చుంటే బాగోదని నేనూ లేచాను.

మా ఆఫీసు రాజమండ్రి దానవాయిపేటలో, ఫ్యాన్లు బాగుచేసే షాపు పైన మేడ. రెండువేల అయిదూ ఆరూ ప్రాంతం. మాతో చదువుకున్నవాళ్ళంతా హైదరాబాదు బస్సెక్కేశారు. బస్సు తప్పిపోయినవాళ్ళం మేం. ఎండీ గారు, టెస్టింగ్ చూసే మేడమ్, నేను, కోనసీమ.

ఇక్కడ కోనసీమ అంటే మనిషి. అతనికి అసలు పేరు వేరే ఉంది, అది మీకు చెప్పను. చెబితే అతనికి నచ్చదు. నచ్చలేదని నాతో అనడు కూడా, అదే ఇబ్బంది. అతను ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. ఆటోవాడు వేరే వీధిలో దింపేస్తే దిగి, థాంక్సండి అని, నడుచుకుంటూ వచ్చేవాడు. కంప్యూటర్ హ్యాంగైతే "ఏంటండీ ఇలా చేశారు" అనేవాడు దాంతో.

ఆ మర్యాద ప్రోగ్రాముల్లోకీ దిగేది. ఫోన్ నంబరు తప్పు కొడితే ఎవరి వెబ్‌సైట్‌లోనైనా ఎర్రక్షరాలు వస్తాయి. మావాడిది లేత నీలం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: "మీ ఫోన్ నంబరు వీలుంటే ఒక్కసారి చూసుకుంటారా అండి." అది తప్పని ఎవరికీ తెలిసేది కాదు. వీలున్నప్పుడు చూసుకోవచ్చులే అని కట్టేసి వెళ్ళిపోయేవారు.

మాకు దొరికిన పెద్ద పని లాంచీ ఓనరు గారి వెబ్‌సైట్. ఆయన లాంచీ మీద పాపికొండలకి టూరిస్టుల్ని తిప్పేవారు. ఆ లాంచీకి రెండు రేవులు. ఇటు ఒడ్డున పురుషోత్తపట్నం, అటు ఒడ్డున పట్టిసీమ. రాజమండ్రి, కాకినాడ వైపు వాళ్ళు ఇటు ఎక్కుతారు. కొవ్వూరు, తణుకు, తాడేపల్లిగూడెం వాళ్ళకి అటు దగ్గర. లాంచీ పొద్దున్నే ఇటు రేవులో బయల్దేరి, అటు రేవులో ఎవరైనా టికెట్లు కొని ఉంటే గోదావరి దాటి వాళ్ళని ఎక్కించుకుని పైకి వెళ్తుంది. ఎవరూ లేరనుకోండి, తిన్నగా పైకే. డీజిలు ఊరికే రాదు కదా.

ఇప్పుడు కాస్త సాంకేతికం. భయపడకండి, టిఫిన్ తినేంత సేపే.

కాంపొనెంట్ అంటే పేజీలో ఒక ముక్క. ఒకసారి రాసి పెట్టుకుంటే ఎన్ని పేజీల్లోనైనా వాడుకోవచ్చు. అది టిఫిన్ సెంటర్లో పెసరట్టు వేసే మనిషి లాంటిది. పేజీ అంటే బల్ల దగ్గర కూర్చున్న మీరు. పెసరట్టు అన్నాక ఉప్మాతోనా, ఉత్తిదా అన్నది మీరు చెప్పాలి. మీరు చెప్పే ఆ ముక్కే పారామీటర్. చెప్పలేదనుకోండి, రెండు రకాల మనుషులున్నారు. ఒకాయన మీరు నోరు విప్పేదాకా గరిట పట్టుకుని నిలబడతాడు. రెండో ఆయన ఏమీ అడగడు. ఉప్మా పెట్టి తెచ్చేస్తాడు. మా వైపు అందరూ రెండో ఆయనలే. అడగడమంటే పెట్టడం ఇష్టం లేదని అర్థం.

కోనసీమ రాసిన రేవు కాంపొనెంట్ కూడా అలాంటిదే. టికెట్ మీద ఏ రేవు పడాలో, లాంచీ మీదకి వెళ్ళే జాబితాలో ఎవరు ఎటు ఎక్కాలో అదే తేల్చేది. పేజీ దానికి రేవు పేరు అందించాలి. అందించకపోతే అది గొడవ చెయ్యదు. పురుషోత్తపట్నం అని తనే వేసేసుకుని ఊరుకుంటుంది.

ఇది మేడమ్‌కి నచ్చలేదు. ఆవిడ అంతకుముందు ట్యుటోరియల్లో లెక్కలు చెప్పేవారు. మా ఇద్దర్నీ నాయనా అనే పిలిచేవారు, మెచ్చుకున్నా తిట్టినా.

"నాయనా, ఇదేంటి? రేవు ఇవ్వకపోతే ఎర్రర్ రావాలి గదా. ఆ పారామీటర్ తప్పనిసరి అని ఒక మాట రాస్తే ఫ్రేమ్‌వర్కే ఆపేస్తుంది."

"ఆపేస్తే ఏం బాగుంటుందండి?" అన్నాడు కోనసీమ. "వచ్చినవాళ్ళని గుమ్మంలో నిలబెట్టి ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగినట్టుంటుందండి."

"రేపు నువ్వే ఎక్కడో ఇవ్వడం మర్చిపోతావు."

"మర్చిపోనండి."

"మర్చిపోతే?"

"మర్చిపోయినా ఏదో ఒక రేవు వస్తుంది కదండి."

మేడమ్ నావైపు చూశారు. నేను ఫ్యాన్ వైపు చూశాను. కింద బాగుచేసే షాపు ఉన్నా మా ఫ్యాను తిరిగేది కాదు, అందుకని చూడ్డానికి ఎప్పుడూ వీలుగా ఉండేది.

ఈలోగా లాంచీ ఓనరు గారికి కోనసీమ మీద మనసు పడింది. చెడుగా అనుకోకండి, సంబంధం చెబుదామని. తణుకులో తనకి తెలిసినవాళ్ళ అమ్మాయి ఉందన్నారు. టీచరు చదువు పూర్తిచేసింది.

మావాడికి అంతకుముందు చూసిన సంబంధాలన్నీ ఒకే రకంగా పోయాయి. పెళ్ళిచూపుల్లో ఇతను మాట్లాడేవాడు కాదు. ఒక ఇంట్లో అబ్బాయికి ఇష్టం లేదనుకున్నారు. ఇంకో ఇంట్లో గొంతు పోయిందేమో అనుకుని మిరియాల కషాయం ఇచ్చారు. అదీ తాగి వచ్చాడు. కానీ ఈ అమ్మాయి ఫోటో చూసినప్పటి నుంచి మనిషి మనిషిలా లేడు. టీ అనుకుని నోట్లో పెన్ను పెట్టుకునేవాడు. ఫోటో ఏదని అడిగితే చొక్కా జేబు మీద చెయ్యేసుకుని "ఇంట్లో ఉందండి" అనేవాడు.

ఓనరు గారు ఒకరోజు మేడెక్కి వచ్చి అసలు సంగతి చెప్పారు.

"ఏంటి బాబూ, వాళ్ళకి విశాఖపట్నం సంబంధం ఒకటి సిద్ధంగా ఉంది. ఆదివారం లోపల ఏదో ఒకటి తేలకపోతే అటు తాంబూలాలు పుచ్చేసుకుంటారు. మొన్న నువ్వు వేరేవాళ్ళింటికెళ్ళి చూస్తే ఏమైందో తెలుసుగా. అందుకని ఆదివారం మన లాంచీలో అనుకోకుండా కలిసినట్టు కలవండి. నచ్చితే పెళ్ళిచూపులు. నచ్చకపోతే పాపికొండలు."

ఇంతకన్నా తెలివైన పథకం నేను వినలేదు. మావాడు తలూపాడు. ఎన్నిసార్లు ఊపాడంటే ఓనరు గారు చివరికి భుజం పట్టుకుని ఆపారు.

ఆయనే ఇంకో మాట కూడా అన్నారు. కుటుంబమంతా ఒక్కసారే టికెట్లు కొనుక్కునే పేజీ వెబ్‌సైట్‌లో లేదు, అది పెడితే అమ్మాయి వాళ్ళు తణుకు ఇంటర్నెట్ సెంటర్లో దాంట్లోనే కొంటారు, అబ్బాయి పనితనం చూసినట్టూ ఉంటుందన్నారు. ఇక చూడండి. కోనసీమ ఆ కుటుంబం పేజీ రాసిన వేగం నేను మళ్ళీ ఏ ఆఫీసులోనూ చూడలేదు. రంగులు మార్చాడు. అంచుకి తామరపువ్వులు పెట్టాడు. రేవు ఎంచుకోవడానికి అందమైన పెట్టె ఒకటి పెట్టాడు. ఆ పెట్టెలో ఎంచుకున్నదాన్ని రేవు కాంపొనెంట్‌కి అందించడం మాత్రం మర్చిపోయాడు.

ఆ వారం మేడమ్ సెలవు పెట్టారు. దాంతో ఇతనే పరీక్షించుకున్నాడు, వాళ్ళమ్మ గారికీ మేనమామకీ టికెట్లు కొని. వాళ్ళెక్కేది ఇటు రేవులోనే. టికెట్ మీద పురుషోత్తపట్నం అని వచ్చింది. "వచ్చేసిందండి!" అన్నాడు. రాక ఏం చేస్తుంది? దానికి అదొక్కటే వచ్చు.

ఆదివారం పొద్దున్న రేవులో చేరాం. ఎండీ గారు తన డిజిటల్ కెమెరా మేడమ్ చేతికిచ్చి, వెబ్‌సైట్‌కి ఫోటోలు తీసుకురమ్మని ఆవిడనీ నన్నూ పంపారు. ఆయన రాలేదు, నీళ్ళంటే భయం. ఆ మాట ఆయన అనలేదు గానీ గోదావరి వంతెన మీద రైలెక్కితే కళ్ళు మూసుకుంటారని అందరికీ తెలుసు. కోనసీమ తెల్ల చొక్కా వేసుకుని, ఇస్త్రీ నలుగుతుందని బస్సులో నిలబడే వచ్చాడు. వాళ్ళమ్మ గారూ మేనమామా రావులపాలెం మీదుగా వచ్చి అప్పటికే రేవులో ఉన్నారు. మేనమామ గారి భుజం మీద ఒక అరటి గెల ఉంది. ఒక అత్తమో రెండు అత్తాలో కాదు, పూర్తి గెల.

"అమ్మా, అనుకోకుండా కలిసినట్టు ఉండాలన్నారు కదమ్మా. గెలెందుకు?" అన్నాడు కోనసీమ.

"అనుకోకుండా కలిస్తే మాత్రం ఉత్తి చేతులతో కలుస్తామట్రా?" అన్నారావిడ.

లాంచీ కదిలింది. పైన మైకులో పాటలు, కింద ఉప్మా వాసన. మావాడు రెయిలింగు పట్టుకుని అటు ఒడ్డు కేసి చూస్తూ నిలబడ్డాడు. ఇంకాసేపట్లో లాంచీ అటు తిరుగుతుంది, రేవులో ఆగుతుంది, అమ్మాయి ఎక్కుతుంది. అతని మొహంలో ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి కనిపిస్తున్నాయి. లాంచీ మాత్రం తిరగడం లేదు. పట్టిసీమ గుడి ఉన్న లంక పక్కకి వచ్చింది. పక్క నుంచి వెనక్కి వెళ్తోంది.

"ఏంటండీ ఇది? తిన్నగా పోతోందేంటండి?" అన్నాడు నాతో.

"సరంగుని అడుగు గురూ."

"ఆయన పనిలో ఉన్నారండి."

"ఆయన పని ఇదే కదా."

అడగలేదు. ఇంకొంచెం గట్టిగా రెయిలింగు పట్టుకున్నాడు. అప్పుడు లాంచీ ఓనరు గారే వచ్చి, ఇంట్లో ఎవరో పోయినట్టు మెల్లగా భుజం మీద చెయ్యి వేశారు.

"ఏమీ అనుకోకు బాబూ. వాళ్ళకి విశాఖపట్నమే నచ్చినట్టుంది."

"ఎవరన్నారండి?"

"ఎవరూ అనలేదు. జాబితాలో అటు రేవులో ఎక్కేవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళ పేర్లు ఇటు రేవు కింద ఉన్నాయి, ఇటేమో రాలేదు. రామని ముఖం మీద చెప్పలేక అలా రాసి ఉంటారనుకున్నాను. ఫోన్ చేసి అడిగితే బాగుండదు కదా."

కోనసీమ చొక్కా కన్నా తెల్లగా అయ్యాడు. నాకు తెలిసి ప్రపంచంలో ఏ ప్రోగ్రామరుకీ తప్పు ఎక్కడుందో అంత తొందరగా దొరకలేదు. కంప్యూటర్ లేదు, కీబోర్డు లేదు, నీళ్ళ మీద నిలబడి కుటుంబం పేజీ మొత్తం మనసులో చదివేసుకున్నాడు.

"మేడమ్," అన్నాడు. "రేవు పంపలేదండి నేను."

మేడమ్ కెమెరా తీసి అటు ఒడ్డు వైపు పెట్టి, దగ్గరికి లాగి చూశారు. అంత దూరానికి ఆ కెమెరాలో మనిషికీ స్తంభానికీ తేడా తెలియదు, అయినా చూశారు.

"రేవులో ఎవరో ఉన్నారు నాయనా. నలుగురిలా ఉన్నారు. లాంచీ కేసే చూస్తున్నారు గానీ ఒక్కరూ చెయ్యి ఊపట్లేదు."

"అయితే వాళ్ళేనండి," అన్నాడు కోనసీమ.

సంగతి ఏంటంటే, ఆడపిల్ల తరఫువాళ్ళు చెయ్యి ఊపి పిలిస్తే తొందరపడుతున్నట్టుంటుంది. అందుకని లాంచీ కళ్ళముందే వెళ్ళిపోతున్నా మర్యాదగా చూస్తూ నిలబడ్డారు. ఇటు చూస్తే లాంచీ వెనక్కి తిప్పమనడం బాగోదని మావాడు నిలబడ్డాడు. గోదావరికి అటూ ఇటూ ఇంతమంది ఇంత మర్యాదగా నిలబడి ఉండగా, డీజిలు ఇంజనుకి మాత్రం మర్యాద తెలియక అది పోతూనే ఉంది.

"అడుగు నాయనా," అన్నారు మేడమ్. "ఇప్పుడు అడగకపోతే విశాఖపట్నం వాడు అడుగుతాడు."

ఇక్కడే గర్జన. కోనసీమ ఓనరు గారి వైపు తిరిగి, గుండెల నిండా గాలి పీల్చుకుని, "వెనక్కి తిప్పాలి," అన్నాడు.

అండి లేదు. నేను విన్నాను. మేడమ్ విన్నారు. వాళ్ళమ్మ గారు గెల మీద నుంచి చెయ్యి తీసేశారు. రెండు క్షణాలు ఆగి "అండి" అన్నాడనుకోండి, కానీ అప్పటికే చరిత్ర జరిగిపోయింది.

ఓనరు గారికి నిమిషంలో అర్థమైంది. కానీ ఆయనదీ ఈ నీళ్ళే కదా. "తిప్పుదాం బాబూ, తిప్పకేం. కాకపోతే లాంచీ నిండా జనం ఉన్నారు. పైకి వెళ్ళేసరికి ఆలస్యమవుతుంది. వాళ్ళతో ఒక్క మాట చెప్పకుండా తిప్పితే ఏం బాగుంటుంది? నువ్వే చెప్పు," అని పాటలు ఆపించి మైకు తెచ్చి చేతిలో పెట్టారు.

పెళ్ళిచూపుల్లో గదిలో నలుగురి ముందు నోరు విప్పని మనిషి. లాంచీ నిండా జనం, చేతుల్లో ఉప్మా ప్లేట్లు. మైకు కీచుమంది. మావాడు దానికి కూడా క్షమించమని చెప్పినట్టే నాకు గుర్తు.

"అందరికీ నమస్కారమండి. అటు రేవులో మనవాళ్ళు కొందరు ఉండిపోయారండి. తప్పు వాళ్ళది కాదండి, లాంచీ వాళ్ళది కూడా కాదండి. టికెట్లు కొనే వెబ్‌సైట్ నేనే రాశానండి. వాళ్ళు పట్టిసీమ అని సరిగ్గానే చెప్పారండి. ఆ ముక్క లోపలికి అందించడం నేను మర్చిపోయానండి. ఏ రేవో చెప్పకపోతే అడగకుండా పురుషోత్తపట్నం అని వేసేసేలా కూడా నేనే రాశానండి. ఒక్కసారి వెనక్కి వెళ్ళి వాళ్ళని ఎక్కించుకుంటే మీకేమైనా అభ్యంతరమా అండి?"

కాకినాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉప్మా మింగి అడిగాడు.

"బంధువులా?"

"ఇంకా కాలేదండి."

ఆ ఒక్క మాటతో అయిపోయింది. ఆ పెద్దాయన పక్కనున్న ఆవిడ అరటి గెల కేసి చూసింది, తెల్ల చొక్కా కేసి చూసింది. "పెళ్ళిచూపులా! ముందే చెప్పొద్దూ!" అంది. లాంచీ అంతా నవ్వులు. తిప్పండి తిప్పండి అని కేకలు. సరంగు అప్పటికే తిప్పేస్తున్నాడు, ఎందుకంటే లోపల ఆయన కూడా మైకు విన్నాడు. లాంచీ ఆటో కాదు కాబట్టి ఆ తిరగడం తిరగడం చాలాసేపు తిరిగింది. ఆ లోపల లాంచీలో ఉన్నవాళ్ళంతా పెళ్ళికొడుకు తరఫువాళ్ళైపోయారు. ఒకావిడ వాళ్ళమ్మ గారికి కట్నాల గురించి సలహా ఇవ్వబోతే ఆవిడ వద్దని దండం పెట్టారు. ఒకతను మావాడి జుట్టు దువ్వాడు. ఎవరో తెలియదు నాకిప్పటికీ.

అనుకోకుండా కలిసినట్టు ఉండాలన్న పథకం అలా గోదాట్లో కలిసింది. నాకు లోపల భయమేసింది. అమ్మాయి తండ్రి గుట్టుగా ఉండే మనిషని ఓనరు గారు ముందే చెప్పారు. లాంచీ నిండా జనం రెయిలింగు మీదకి వంగి, పిల్ల బాగుందా లేదా అని చూస్తుంటే ఆయన వెనక్కి తిరిగి తణుకు వెళ్ళిపోతే ఇక మాట్లాడేదేముంటుంది?

రేవు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు నలుగురూ అక్కడే ఉన్నారు. అమ్మా నాన్నా, అమ్మాయి, చేతిలో క్యారేజీతో ఆ అమ్మాయి పిన్నిగారు. చెక్క బల్ల వేశారు. తండ్రి ఎక్కబోతూ జనాన్ని చూసి ఆగిపోయారు. లాంచీలో ఉన్నవాళ్ళంతా రెయిలింగు మీదకి వంగారు. ఉప్మా చల్లారిపోతోందని లోపల వంటాయన అరుస్తున్నాడు, అది వేరే సంగతి.

ఓనరు గారు ముందుకెళ్ళి చేతులు పట్టుకున్నారు. "క్షమించాలండీ. జాబితాలో మీ పేర్లు అటు రేవు కింద ఉన్నాయి. అడుగుదామనుకున్నాను గానీ..."

"మేమూ చూశామండి," అన్నారు తండ్రి. "టికెట్ మీద పురుషోత్తపట్నం అని ఉంది. మా అమ్మాయి ఆ రోజే చెప్పింది, నాన్నా తప్పు పడింది, ఫోన్ చేసి అడుగుదామని. నేనే వద్దన్నాను. అబ్బాయి సొంతంగా చేసిన పని. చూపులు కాకముందే తప్పు పట్టినట్టుంటుంది గదా అని."

మేడమ్ నావైపు చూశారు. చూడ్డానికి ఈసారి ఫ్యాను లేదు. గోదావరి కేసి చూశాను.

అప్పుడు ఆ అమ్మాయి, అందరూ వింటుండగానే, తండ్రి వెనక నుంచి ముందుకొచ్చి తెల్ల చొక్కాని అడిగింది.

"ఆ టికెట్ల ప్రోగ్రాం మీరేనా రాసింది?"

"అవునండి."

"పెట్టెలో నేను పట్టిసీమ అనే నొక్కానండి."

"నొక్కారండి. అది నేను అందించలేదండి."

"అందకపోతే అది అడగదా?"

"అడిగితే బాగోదని... అడగదండి."

ఆ అమ్మాయి ఒకసారి తండ్రి కేసి చూసింది. ఓనరు గారి కేసి చూసింది. మళ్ళీ మావాడి కేసి చూసింది.

"అడగాలండి," అంది.

ఆ ఒక్క మాటే అని లోపలికెళ్ళి కూర్చుంది. తండ్రి ఇంకేం చేస్తారు, ఆయనా ఎక్కారు. వెనకే జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆ ఇద్దరూ లాంచీ పైన ఒక చివర కూర్చుని మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో వినాలని నేను అరటిపళ్ళు పంచే నెపంతో నాలుగుసార్లు అటు వెళ్ళాను. ప్రతిసారీ ఆ అమ్మాయే అడుగుతోంది, మావాడు జవాబు చెబుతున్నాడు. ఆఖరిసారి వెళ్ళేసరికి మావాడు కూడా ఏదో అడుగుతున్నాడు. నన్ను చూసి ఇద్దరూ ఆపేశారు. "ఇంక పళ్ళు వద్దండి," అంది ఆ అమ్మాయి. పాపికొండలు ఎలా ఉన్నాయో మీరు నన్ను అడక్కండి. ఆ రోజు వాటిని చూసినవాళ్ళు లాంచీలో ఎవరూ లేరు.

సోమవారం పొద్దున కోనసీమ అందరికన్నా ముందు ఆఫీసుకి వచ్చి రేవు కాంపొనెంట్ తెరిచాడు. ఆ పారామీటర్ తప్పనిసరి అని రాశాడు. పురుషోత్తపట్నం అన్న మాట పీకేశాడు. ఇక ఏ పేజీ అయినా రేవు ఇవ్వకుండా పిలిస్తే పేజీ మొత్తం ఆగిపోయి ఎర్రగా అరుస్తుంది. వెంటనే మాకు ఇంకో మూడు పేజీలు ఆగిపోయి అరిచాయి. వాటిలోనూ ఎవరూ రేవు పంపలేదన్న మాట. అన్నాళ్ళూ అటు రేవు వాళ్ళు ఎలా ఎక్కారో ఎవరికీ తెలియదు. బహుశా ఎవరూ అడిగి ఉండరు.

మేడమ్ వచ్చి అతని భుజం మీద నుంచి తెర కేసి చూసి, "ఇప్పుడు బాగుంది నాయనా," అన్నారు. లెక్కల మేడమ్ నోట బాగుంది అన్న మాట మేం విన్నది ఆ ఒక్కసారే.

పిల్లలూ, పని నేర్చుకునే రోజుల్లో మీకూ ఇలాంటి తగువు వస్తుంది. అందనిచోట ఏదో ఒకటి వేసేసి ముందుకి పంపేయాలా, ఆపి అడగాలా అని. వేసేస్తే అంతా సాఫీగా సాగుతున్నట్టే కనిపిస్తుంది. లాంచీ కూడా ఆ రోజు సాఫీగానే వెళ్ళింది, ఎవర్ని వదిలేసిందో దానికి తెలియదు కాబట్టి. ఇంతకుమించి నీతి చెప్పమంటే నా వల్ల కాదు. చెప్పేంత వయసు కూడా లేదని ముందే మనవి చేసుకున్నాను.

పది రోజులకి కబురొచ్చింది. సంబంధం ఖాయం. విశాఖపట్నం వద్దన్నారు.

ఇక ఆఫీసులో ఎవరి వ్యాఖ్యానం వాళ్ళది. అందరి ముందు తప్పు ఒప్పుకున్న నిజాయితీకి తండ్రి కరిగిపోయారన్నారు మేడమ్. వెబ్‌సైట్‌లో తామరపువ్వుల అంచు పనిచేసిందన్నారు ఎండీ గారు, ఆ రోజు నుంచి కనిపించిన ప్రతి పేజీకీ ఆ అంచు పెట్టించారు. వెనక్కి తిప్పాలి అన్న ఆ గర్జనే అని నేను వాదించాను, అదైతే నేను దగ్గరుండి విన్నాను కాబట్టి. పెళ్ళిలో లాంచీ ఓనరు గారు అదంతా గోదారమ్మ దయ అని చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు.

నాకు మాత్రం ఆగలేదు. పెళ్ళైన కొన్నాళ్ళకి వాళ్ళింట్లో భోంచేస్తూ ఆవిడనే అడిగేశాను. ఏం చూసి ఒప్పుకున్నారండీ, మైకులో ఆ మాటలా, మావాడి మర్యాదా, లాంచీ వెనక్కి తిరిగి రావడమా అని.

ఆవిడ పప్పు వడ్డిస్తూ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఆ వారమేనండి నాకు కొవ్వూరు స్కూల్లో పోస్టింగు వచ్చింది. విశాఖపట్నం నుంచి రోజూ రాలేను కదండీ. రాజమండ్రి నుంచైతే పొద్దున్నే పాసింజరు ఉంది, వంతెన దాటితే దిగిపోవడమే. సీజన్ టికెట్ తీసుకున్నాను."